చిలకల పాలు

మా వూరి పేరులోనే చిలకలున్నాయి. చిలకలూరిపేట అనగానే పొరుగూరివాళ్ళు ‘మీ వూళ్ళో చిలకలెన్నండీ?’ అని హాస్యమాడటం మామూలే. ఆ పేరెలా వచ్చిందని పెద్దవాళ్ళనడిగితే తలా ఒక కథ చెబుతారు. ఆ కథల నిజానిజాలు చరిత్రకారులకు వదిలేద్దాం. ఇవాళ మా వూళ్ళో బస్సు దిగిన కొత్తమనిషికి ముందు కనిపించేవి చెన్నై–కోల్‌కతా రహదారి మీద పరుగెత్తే లారీలు, జిన్నింగు మిల్లులు, నూలు మిల్లులు, ఆ పైన పురుగుమందుల దుకాణాలు. చిలకకూ, ఆ పురుగుమందుకూ మధ్య ఒక కథ వుంది. అది మా ఒక్క వూరి కథ కాదు. మనిషికీ, ప్రకృతికీ మధ్య ఏనాటినుంచో నడుస్తున్న వ్యాజ్యంలో అదొక పుట. ఆ పుటలో కొంత నేను కళ్ళారా చూసిందే గనుక చెప్పటానికి పూనుకున్నాను.

ప్రకృతిని గురించి రాసేవాళ్ళు సాధారణంగా రెండు తెగలు. ఒక తెగవారు ప్రకృతి తల్లి అంటారు. ఆమె ఒడిలో తలపెట్టుకుంటే చాలునంటారు. రెండో తెగవారు ప్రకృతిని జయించాలంటారు; నదికి కళ్ళెం వెయ్యాలి, కొండను పిండి చెయ్యాలి, పురుగును నిర్మూలించాలి అంటారు. నేను పుట్టి పెరిగిన రైతుల ఇళ్ళల్లో ఈ రెండు భాషలూ వినలేదు. అసలు ప్రకృతి అనే మాటే వినలేదు. వాళ్ళకు వాన తెలుసు, వాగు తెలుసు, నల్లరేగడి తెలుసు, తెగులు తెలుసు. వీటన్నిటితో వ్యవహారం నడపటానికి వాళ్ళ దగ్గర ఒక మాట వుండేది. ఆ మాట ‘పాలు’. పాలంటే వాటా. పొలంలో పండినదానిలో ఎవరి పాలెంత అన్నదే వాళ్ళ వేదాంతమూ, అర్థశాస్త్రమూ కూడాను.

మంచె మీది ధర్మం

1960ల చివర నేను ఏడెనిమిదేళ్ళ వాణ్ణి. జొన్నకంకి పాలుపోసుకునే రోజులు వచ్చాయంటే బడి మానిపించి మంచె ఎక్కించేవారు. నాలుగు గుంజలు పాతి, అడ్డకర్రలు కట్టి, పైన కందికట్టె పరిస్తే మంచె. దాని మీద నేనూ, ఒక వడిసెలా, గుప్పెడు మట్టిబెడ్డలూ, వాయించటానికొక పాత డబ్బా. తెల్లవారేసరికి చిలకలు పచ్చని మబ్బులాగా వచ్చి దిగేవి. చిలకకు పొదుపు తెలియదు. నాలుగు గింజలు తిని పది రాలుస్తుంది. నేను డబ్బా కొట్టి కేకపెడితే అన్నీ ఒక్కసారిగా లేచి పక్క చేలో వాలేవి. అక్కడి కుర్రవాడు డబ్బా కొడితే మళ్ళీ మా చేలోకి వచ్చేవి. పొద్దెక్కేదాకా ఇదే వరస.

ఒకనాడు నేను వడిసెలతో గురిచూసి ఒకదాన్ని పడగొట్టాలని పట్టుపట్టాను. కింద గట్టు మీద కూర్చున్న మా మేనమామ కేకేశాడు: ‘‘ఒరే అబ్బాయ్, నిన్ను తోలమన్నాను గాని చంపమన్నానురా? వాటి పాలు అవి తింటే మనకు పోయిందేమీ లేదు. మన పాలు కూడా తినకుండా చూడు, చాలు!’’

ఇందులో దయాధర్మాల ప్రసక్తి ఏమీ లేదు సుమండీ. మా మావయ్య అంత మెత్తని మనిషి కాడు. పొరుగువాడి గేదె గట్టు దాటితే బందెలదొడ్డికి తోలేవాడు. ఆయనది లెక్క. చిలకలను చంపుకుంటూ పోతే కూలీ దండగ; తోలటానికి మేనల్లుడు చాలు. పైగా చేలో వాలే పిట్టలన్నీ గింజలు తినేవి కావు. నాగలి వెంట కొంగలు, గోరువంకలు నడిచి, కర్రు తిరగేసిన మట్టిలోంచి పురుగులను ఏరుకునేవి. నల్లగా, తోక రెండుగా చీలి, గేదె వీపు మీద స్వారీ చేసే పసులపోలిగాడు ఎగిరే రెక్కల పురుగును గాలిలోనే పట్టేవాడు. చేలో పుట్ట వుంటే నాగులచవితికి పాలుపోసి, మిగిలిన రోజుల్లో దాని జోలికి వెళ్ళేవారు కాదు; పుట్టలో పాము వున్నంతకాలం ఎలుకలకు భయం. కోత అయిపోయాక చేలో రాలిన కంకి పరిగె ఏరుకునే బీదవాళ్ళది. ధాన్యం ఇంటికొచ్చాక వరికంకులను కుచ్చుగా అల్లి వసారాలోనో, గుడి మండపంలోనో పిచ్చుకలకు కట్టేవారు. ఇలా తలా కొంత ముట్టాక మిగిలింది ఇంటివారి పాలు.

అయితే ఆ పాతకాలమంతా పాలూ తేనే అని నేననను. మా ప్రాంతంలో 1832–33లో వచ్చిన నందన కరువును తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. గుంటూరు సీమలో జనాభాలో మూడోవంతుకు తక్కువ కాకుండా పోయారని చెబుతారు. ఆ కరువు చూసిన తరువాతనే కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడి, 1855 నాటికి అది పూర్తయింది. కాని ఆ నీరు డెల్టాకే గాని, మెట్టన వున్న మాకు రాలేదు. మబ్బుకేసి చూసి బతికే మెట్టరైతును ప్రకృతిమాత ఒడిలో హాయిగా వున్నావని పొగడటం ఎంత క్రూరమో ఆలోచించండి. వానదేవుడు తన పాలు తాను అట్టేపెట్టుకుంటే మనిషి పాలు శూన్యమే.

సాగరు నీళ్ళు, తెల్లబంగారం

అందుకే నాగార్జునసాగరం కట్టినప్పుడు మావాళ్ళు పండుగ చేసుకున్నారంటే వింతలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ పల్నాటి రాళ్ళను దాటుకుంటూ ఇటు దిగింది. ఓగేరు, కుప్పగంజి వాగుల్లో వానకు తప్ప నీళ్ళెరుగని పల్లెల్లో పంటకాలువ గట్టున ఆడవాళ్ళు పసుపు కుంకుమలతో నిలబడటం నాకు జ్ఞాపకం. ఆ ఆనందాన్ని ఎవరైనా ఎగతాళి చేస్తే నేనొప్పుకోను.

మా నల్లరేగడికి పత్తి కొత్తది కాదు. పూర్వం ఇక్కడ పండిన దేశవాళీ పత్తికి కోకనాడ పత్తి అని పేరు. కాకినాడ రేవునుంచి ఓడలెక్కేది గనుక ఆ పేరు వచ్చింది. కొంచెం ఎర్రజీర గలది, పొట్టి పింజ, మొండి జాతి. వానకే పండేది, పురుగుకు అంత తొందరగా లొంగేది కాదు. కాని మిల్లులకు కావలసింది పొడుగు పింజ. 1970లలో కోయంబత్తూరు నుంచి ఎం.సి.యు.5 వచ్చింది. ఆ అక్షరాల్లో మద్రాసు, కంబోడియా, ఉగాండా మూడూ వున్నాయి. అన్ని దేశాలు తిరిగిన పత్తి అన్నమాట! దాని వెంట సంకర జాతులు వచ్చాయి. ఎకరం పత్తి పదెకరాల జొన్న పెట్టని డబ్బు పెట్టింది. పెంకుటిళ్ళు డాబాలయ్యాయి. రైతుబిడ్డలు బెజవాడ కాలేజీల్లో చేరారు. తెల్లబంగారం అన్నారంటే అన్నారు మరి.

అయితే ఒక మార్పును అప్పుడెవరూ పట్టించుకోలేదు. ఒకప్పుడు జొన్నలో కంది, మినుములో ఆముదం, గట్టున గోగు అన్నట్టుగా కలగలుపుగా వుండే చేలు, కనుచూపుమేర ఒక్క పత్తి అయిపోయాయి. మనిషికది పంట. పత్తి తినే పురుగుకది పెళ్ళిపందిరి. మంచెలు పోయాయి; పత్తి చేలో చిలకకేం పని? చిలకలను తోలే కుర్రవాడితోబాటు తోలటం అనే విద్య కూడా పోయింది. దాని స్థానంలో ఇంకొకటి వచ్చింది. అదే మందు.

ఒకే మాట, నాలుగు అర్థాలు

మన భాషలో మందు అనే మాట చాలా చిత్రమైనది. జ్వరానికి మింగేదీ మందే. తుపాకిలో దట్టించేదీ మందే. సారా దుకాణంలో పోసేదీ మందే. చేనికి కొట్టేదీ మందే. ఈ ఒక్క మాట మా ప్రాంతాన్ని ఎంత మోసం చేసిందో చెప్పలేను. విషమని పేరుపెట్టివుంటే లెక్కపెట్టి వాడేవాళ్ళు. మందన్నారు గనుక, జబ్బు తగ్గకపోతే మోతాదు పెంచటం సహజమే గదా!

ప్రపంచమంతా ఆ వరసలోనే వుండేది. డి.డి.టి. పురుగులను చంపుతుందని కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమానం ఇచ్చారు. పద్నాలుగేళ్ళు తిరక్కుండానే, 1962లో, రేచల్ కార్సన్ అనే అమెరికన్ రచయిత్రి పిట్టల పాట వినిపించని వసంతకాలాన్ని గురించి పుస్తకం రాసి, ఆ దేశాన్ని ఉలికిపాటుకు గురిచేసింది. మాకా వార్త అందలేదు.

1980 ప్రాంతాల సింథటిక్ పైరిత్రాయిడ్లనే కొత్తరకం మందులు మా పత్తి చేలలోకి వచ్చాయి. వీటి మూలపురుషుడు చేమంతి జాతి పువ్వు. ఆ పువ్వులో వుండే పురుగులను చంపే గుణాన్ని అనుకరించి కర్మాగారాల్లో తయారుచేశారు. కొద్ది చుక్కలు చాలు. కొట్టిన పూటే పురుగు మెలికలు తిరిగి రాలిపోయేది. రైతులు ఆశ్చర్యపోయారు. మూడు తడవలు కొట్టేవారు ఆరు తడవలు కొట్టారు. ఆరు పదయింది.

ముందు దాపురించింది తెల్లదోమ. అప్పటిదాకా అది వున్నదనే ఎవరికీ పట్టలేదు. ఆకు అడుగున చేరి రసం పీల్చి, జిగురు కార్చి, దాని మీద మసి పట్టించి, చేనంతా బొగ్గుల కొట్టులాగా చేసింది. తెల్లదోమను తినే సాలీళ్ళు, అక్షింతల పురుగులు, దాని ఒంట్లో గుడ్లు పెట్టే బుల్లి కందిరీగలు మందుకు ముందే చచ్చిపోయాయి. ఆకు అడుగున దాక్కున్న దోమ మాత్రం బతికింది. పోలీసును చంపి దొంగను వదిలినట్టయింది వ్యవహారం.

ఆ తరువాత వచ్చింది 1987.

ఆ సంవత్సరం

శనగపచ్చపురుగు అనేది మా వాళ్ళకు పాత చుట్టమే. కందిలో వుండేది, శనగలో వుండేది, పత్తిలోనూ కొంత వుండేది. దీని తల్లిపురుగు ఒక్కొక్కటీ వందల గుడ్లు పెడుతుంది, ఒక్కోసారి వెయ్యి దాటుతుంది. నెల, నెలాపది రోజుల్లో ఆ గుడ్లు తిరిగి తల్లులవుతాయి. ఒక చేలో లక్ష పురుగులున్నాయనుకోండి. మందుకు తొంభైతొమ్మిది వేల తొమ్మిదివందల తొంభై చచ్చాయనుకోండి. రైతు సంతోషించి ఇంటికి వెళతాడు. మిగిలిన పది ఎటువంటివి? ఆ మందును అరిగించుకోగలిగినవి. వచ్చే నెలలో పుట్టేవన్నీ ఆ పదింటి సంతానమే. మళ్ళీ కొడితే మళ్ళీ గట్టివే మిగులుతాయి. ఇలా ఏడెనిమిదేళ్ళ పాటు రైతు తన డబ్బుతో, తన చేత్తో, మందుకు చావని పురుగును సాకాడన్నమాట. పసులపోలిగాడూ, సాలీడూ అలా పెరగలేవు; వాటి సంతానం కొంచెం, వాటి తిండి ఆ పురుగే.

1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేల మీద ఆ పురుగు విరుచుకుపడింది. గూడ తిన్నది, పూత తిన్నది, కాయకు బెజ్జం పెట్టి లోపల కూర్చున్నది. ఇరవై తడవలు కొట్టినవాళ్ళున్నారు, ముప్పై కొట్టినవాళ్ళున్నారు. ఒక మందుకు చావకపోతే రెండు కలిపారు, రెంటికి చావకపోతే మూడు. తెల్లవారుజామున ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని, పంపు వీపున వేసుకుని, మందువాసనలోనే టీ తాగి బయలుదేరే మనుషులను నేను రోజూ చూశాను. మా బజారులో ఒక రైతు కూలీలను పెట్టి పురుగులను చేత్తో ఏరించాడు. సాయంత్రానికి డబ్బాలు నిండాయి. మర్నాడు చూస్తే చేను నిన్నటిలాగే వుంది. ఆయన గట్టు మీద కూర్చుని నాతో అన్న మాట: ‘‘బాబాయ్, నిన్న మేము ఏరినవి ఎవరివో, ఇవాళ వున్నవి ఎవరివో!’’

మందంతా అప్పు మీద తెచ్చిందే. విత్తనమూ అప్పే. కౌలు రైతుకు కౌలు కూడా అప్పే. పత్తి అమ్మి తీరుస్తామన్న మాట మీద నడిచిన అప్పు అది. పత్తి రాలేదు. పంట పురుగు పాలయింది, రైతు అప్పుల పాలయ్యాడు. ఆ శీతకాలంలో మా చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళల్లో మగవాళ్ళు ప్రాణాలు తీసుకున్నారు. చాలామంది తాగింది చేనికి తెచ్చిన మందే. పురుగు చావలేదని తెలిసిన మందు, మనిషి మీద మాత్రం పనిచేసింది. రైతుల ఆత్మహత్యలు అనే మాట దేశానికి కొత్తగా వినిపించిన రోజులవి. ఆ ఇళ్ళల్లో అప్పుడు చంకలో వున్న పిల్లలు ఈవాళ నలభై దాటినవారు లేదా దాటబోయేవారు. వాళ్ళ దగ్గర ప్రకృతి శోభను గురించి మాట్లాడేటప్పుడు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి.

శాస్త్రజ్ఞులు ఆంధ్రదేశపు పురుగులను పట్టుకుపోయి పరీక్షించారు. పైరిత్రాయిడ్లకు లొంగని గుణం వచ్చిందని రుజువు చేశారు. పదేళ్ళ తరువాత, 1997–98లో, వరంగల్లు పత్తి చేలలో ఇదే నాటకం మళ్ళీ ఆడింది. ఈసారి వేషం పొగాకులద్దెపురుగుది. ఏడుపు మాత్రం అదే.

పిచ్చుకల మీద యుద్ధం

ఇది ఒక్క తెలుగువాళ్ళు చేసిన పనే అనుకోకండి. 1958లో చైనా ప్రభుత్వం నాలుగు శత్రువుల మీద యుద్ధం ప్రకటించింది: ఎలుకలు, ఈగలు, దోమలు, పిచ్చుకలు. పిచ్చుక ధాన్యం తింటుంది గనుక శత్రువు. ఊళ్ళకు ఊళ్ళు బయటికొచ్చి పళ్ళాలు, డప్పులు వాయించి, పిచ్చుకలను వాలనీయకుండా, అలసి రాలిపోయేదాకా తరిమాయి. మా మంచె మీది డబ్బానే, కాని దాని ఉద్దేశం వేరు! పిచ్చుక తన పిల్లలకు పెట్టేది ధాన్యం కాదు, పురుగులని ఆలస్యంగా తెలిసింది. మిడతలు, పురుగులు పెరిగాయి. అప్పుడు వచ్చిన మహా క్షామానికి కారణాలు అనేకం. అందులో ఇదీ ఒకటంటారు. 1960లో పిచ్చుకను జాబితా నుంచి తీసేసి, ఆ స్థానంలో నల్లిని చేర్చారు.

తోలటానికీ, తుడిచిపెట్టటానికీ వున్న తేడా ఇదే. తోలేవాడికి ఎదుటి ప్రాణి రేపు కూడా వస్తుందని తెలుసు. తుడిచిపెట్టేవాడికి రేపు అనేది లేదు.

బొమికల మీద రాసిన పాఠం

2002 మార్చి 26న మనదేశంలో బి.టి. పత్తికి అనుమతి ఇచ్చారు. మట్టిలో వుండే ఒక సూక్ష్మజీవిలోని జన్యువును పత్తిలో పెట్టారు. ఆ ఆకును తిన్న పచ్చపురుగు చస్తుంది. న్యాయంగా చెప్పాలంటే మొదట అది మేలే చేసింది. పచ్చపురుగు కోసం మందు కొట్టే తడవలు తగ్గాయి. 1987 చూసినవాడికి అది చిన్న విషయం కాదు.

అయితే ఆ విత్తన సంచిలో ఇంకొక చిన్న పొట్లం వుండేది. 450 గ్రాముల బి.టి. విత్తనానికి 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం. దీన్ని చేను చుట్టూ సాళ్ళుగా వెయ్యాలి. ఎందుకు? అక్కడి పురుగులు హాయిగా తిని బతకాలి. బి.టి.ని తట్టుకోగల పురుగు ఎక్కడో ఒకటి లేస్తే, అది ఈ మామూలు పురుగులతో జతకట్టి, ఆ గట్టితనం తరువాతి తరంలో నీళ్ళల్లో కలిపిన పాలలాగా పలచబడాలి. చూశారా! ఎంతో చదువుకున్న శాస్త్రజ్ఞులు, సూక్ష్మదర్శినుల్లో చూసి చూసి, చివరికి మా మావయ్య గట్టు మీద కూర్చుని చెప్పిన మాటకే వచ్చారు. పురుగు పాలు పురుగుకు వదిలితేనే మన పాలు మనకు దక్కుతుంది.

ఆ పొట్లాన్ని చాలామంది పారేశారు. పురుగు కోసం పంట వెయ్యటమేమిటని నవ్వారు. గులాబీరంగు పురుగుకు పత్తి తప్ప వేరే ఆధారం దాదాపు లేదు గనుక, మామూలు పత్తి అనే చోటు లేకపోయేసరికి అది బి.టి.నే అలవాటు చేసుకున్నది. 2010లో గుజరాతు నుంచి ఆ వార్త వచ్చింది. 2015 ప్రాంతాలకు మన చేలలో కాయ కోసి చూస్తే లోపల గులాబీ పురుగే. అదే పురుగు అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోనూ వుండేది. అక్కడి రైతులు ఆ మామూలు పత్తి సాళ్ళను ఏళ్ళ తరబడి తప్పకుండా వేశారు. పురుగు అలవాటు పడలేదు. తరువాత గొడ్డుబోయిన రెక్కల పురుగులను కోట్లకొద్దీ వదిలి, 2018లో తమ పత్తి చేలలో గులాబీ పురుగు లేదని ఆ దేశం ప్రకటించగలిగింది. తుడిచిపెట్టటం కూడా, ముందు పాలు ఇచ్చినవాడికే చేతనయిందన్నమాట!

మా వైపు పాఠం ఇంకా పూర్తికాలేదు. 2021లో మిరప పూతలో కొత్త శత్రువు కనబడింది. నల్లతామర పురుగు, ఆగ్నేయాసియా దేశాలనుంచి వచ్చింది. పువ్వుకు పది పదిహేను చొప్పున చేరి, పూతంతా రాల్చింది. గుంటూరు, పల్నాడు, ఖమ్మం ప్రాంతాల్లో ఎర్రగా మెరవవలసిన మిరప చేలను రైతులు పీకేశారు. మళ్ళీ రెండు రోజులకొక మందు, మళ్ళీ అప్పు. చేను మారింది, పురుగు మారింది, తరం మారింది. తడవలు లెక్కపెట్టుకోవటం మాత్రం మారలేదు.

మరేం చెయ్యాలి?

మందు మానేసి అందరం జీవామృతం చల్లుకుంటే సరిపోతుందని కొందరు తేలిగ్గా చెబుతారు. శ్రీలంకలో 2021 వేసవిలో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క కలంపోటుతో ఆపేశారు. నవంబరు నాటికి వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వరి, తేయాకు దెబ్బతిన్నాయి. నలభై ఏళ్ళు మందు మరిగిన నేలను ఒక్క రోజులో పథ్యం పెట్టటం కూడా ఒక రకం అహంకారమే. అది ప్రకృతిని జయించటానికి అక్కచెల్లెలు.

నెమ్మదిగా చేసినవాళ్ళు మాత్రం సాధించారు. ఖమ్మం వైపు పునుకుల అనే వూరివాళ్ళు 2000ల తొలి ఏళ్ళలో, మందు అప్పుల్లో మునిగి, తమలో తాము ఆలోచించుకుని పురుగుమందులు మానేశారు. ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు. 2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయమని వూరూరా నేర్పుతున్నది. పేరు ఏదైనా పనులు పాతవే. నూరు లీటర్ల నీటికి అయిదు కిలోల వేపగింజల పొడి. చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్న. అక్కడక్కడ బంతి, ఆముదం. పురుగు ముందు వాటి మీద వాలి, పత్తిని మరిచిపోతుంది. మిరపలో నీలిరంగు జిగురు అట్టలు. ఎకరానికి పదేసి కర్రలు అడ్డంగా కట్టి నిలబెట్టటం; దీనికి వ్యవసాయశాఖవారు పక్షిస్థావరాలని పెద్ద పేరు పెట్టారు. వాటి మీద పసులపోలిగాడు వచ్చి కూర్చుంటాడు. జీతం అడగడు, అప్పు అడగడు.

ఇంత సులభమైన పనిని అందరూ ఎందుకు చెయ్యరు? ఇక్కడే అసలు ముడి వుంది. ఆ రైతునే అడిగి చూశాను. ఎకరానికి ముందే కౌలు కట్టి, వడ్డీకి డబ్బు తెచ్చి, వచ్చే ఏడు ఆ చేను తనదో కాదో తెలియనివాడు చిలకకూ పురుగుకూ వాటా ఎలా వదులుతాడు? పుట్టను ఎందుకు కాపాడుతాడు? గట్టున వేపమొక్క ఎందుకు నాటుతాడు? మందుల షాపులో అప్పు పుడుతుంది. పక్షిస్థావరం మీద అప్పు పుట్టదు. 2019లో కౌలు రైతులకు కార్డులిచ్చే చట్టం వచ్చింది గాని, దానికి భూమి యజమాని ఒప్పుకోలు కావాలన్నారు. ఆ ఒప్పుకోలు దగ్గరే చాలామంది ఆగిపోయారు. మనిషికి మనిషి ఇవ్వని పాలు, మనిషి పిట్టకు ఇవ్వాలనటం ఏం న్యాయం?

కాబట్టి ప్రకృతితో మన సంబంధం బాగుపడాలంటే కొండకోనల్లోకి వెళ్ళనక్కరలేదు. కౌలు కాగితం దగ్గర మొదలు పెట్టవచ్చు. పంట రుణం దగ్గర మొదలు పెట్టవచ్చు. చేను అయిదేళ్ళు తన చేతిలో వుంటుందని తెలిసిన రైతు, సాలీడును చూసి తొందరపడడు. రేపు వున్నవాడే ఇవాళ కొంత వదులుకోగలడు.

ఈసారి మీరెప్పుడైనా మా వైపు బస్సులో వెళుతూ వుంటే, ఉత్తరాన కొండవీటి కొండలు కనిపించే ఆ దారిలో కిటికీలోంచి చేల వంక చూడండి. పత్తి చేను గట్టున నాలుగు జొన్నసాళ్ళు, మధ్యలో ఒక ఎండుకర్ర, దాని మీద నల్లపిట్ట కనిపిస్తే, ఆ రైతుకు జాగా వృథా చేసే తెలివితక్కువ వుందనుకోకండి. ఆయన పద్దు రాసుకున్నాడు. అందులో చిలకల పాలు కూడా వేశాడు.